పర్మిషన్ కాగితం చివరి పేజీ

ప్లాన్ అప్రూవల్ వచ్చిన రోజు ఇంట్లో పండగే. ఆ కాగితాలు నాలుగైదు సెట్లు జిరాక్సు తీయిస్తాం. ఒకటి బ్యాంకుకి, ఒకటి కరెంటాఫీసుకి, ఒకటి మేస్త్రికి. మొదటి పేజీలో సెట్‌బ్యాకులు, ఎత్తు, అంతస్తులు సరిచూసుకుంటాం. కట్టిన ఫీజుల పట్టిక మరోసారి కూడుకుంటాం. ఆ తర్వాతి పేజీల్లో చిన్న అక్షరాల్లో వరసగా అచ్చయిన షరతుల దాకా వెళ్లేవాళ్లు అరుదు. పని మొదలుపెట్టే ముందు నోటీసివ్వాలి, ఆమోదించిన ప్లాను సైటులో అందరికీ కనిపించేలా పెట్టాలి, మొక్కలు నాటాలి, ఇంకుడు గుంత తవ్వాలి. హైదరాబాదులోనూ చుట్టుపక్కలా జారీ అయ్యే ప్రొసీడింగ్స్‌లో వీటి మధ్యే మరో రెండు షరతులుంటాయి. కార్మికుల భద్రత చూడాల్సింది యజమాని లేదా డెవలపరు. నిర్మాణం సాగినంత కాలం వాళ్లకు సమగ్ర బీమా చేయించాల్సిందీ వాళ్లే. షరతులు పాటించకపోతే ఇచ్చిన అనుమతిని రద్దు చేయవచ్చని కూడా అక్కడే రాసి ఉంటుంది.

ఇల్లు కట్టించిన వాళ్లను అడిగి చూడండి. సిమెంటు ఏ కంపెనీది, ఇసుక లారీ ఎంత పడింది, స్లాబుకి ఎన్ని బస్తాలు పట్టాయి, అన్నీ గుర్తుంటాయి. బీమా పాలసీ ఎక్కడ తీసుకున్నారని అడిగితే చాలామంది బ్యాంకువాళ్లు లోనుతో పాటు అంటగట్టిన పాలసీ చూపిస్తారు. అది లోను తీసుకున్న మనిషికి చేసిన బీమా. పరంజా మీద నిలబడే మనిషికి చేసింది కాదు.

అనుమతుల విషయంలో మన రెండు రాష్ట్రాలూ గత కొన్నేళ్లలో చాలా దూరం నడిచాయి. తెలంగాణ 2020లో టీఎస్ బీపాస్ చట్టం తెచ్చింది. 75 చదరపు గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి అసలు పర్మిషనే అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు స్థలం, 10 మీటర్ల లోపు ఎత్తు అయితే యజమాని స్వీయ ధ్రువీకరణ మీద అప్పటికప్పుడే అనుమతి వస్తుంది. అంతకు మించిన వాటికి 21 రోజుల గడువు. తర్వాత బిల్డ్‌నౌ అనే కొత్త పోర్టల్ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ కూడా 2025లో స్వీయ ధ్రువీకరణ పథకం పెట్టి, 18 మీటర్ల ఎత్తు దాటని నివాస భవనాల విషయంలో లైసెన్సున్న సాంకేతిక నిపుణుల (ఎల్‌టీపీల) మాట మీద పని మొదలుపెట్టుకునే వీలు కల్పించింది. టౌన్‌ప్లానింగ్ ఆఫీసు మెట్లెక్కి దిగి చెప్పులరిగిన తరానికి ఇది నిజంగా మేలు. నేను దీన్ని తప్పుపట్టను.

నా బాధ వేరు. ఈ వ్యవస్థ మొత్తం స్థలం గురించి, గోడ గురించి, ఎత్తు గురించి అడుగుతుంది. ఆ గోడ కట్టే మనిషి ఎవరు, అతనికి పనొచ్చా, అతని కింద పనిచేసేవాళ్లకు ఏమైనా అయితే ఎవరిస్తారు అని గట్టిగా అడగదు. 2012 నాటి 168వ నంబరు జీవో ప్రకారం, 200 చదరపు మీటర్లు, 7 మీటర్ల ఎత్తు దాటిన భవనాలకు కట్టే వైశాల్యంలో 10 శాతాన్ని అనుమతిచ్చే సంస్థకు తనఖా పెట్టాలి. ప్లాను ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకున్నాకే ఆ భాగం విడుదలవుతుంది. సెట్‌బ్యాకుల కోసం ఇంటిలో పదోవంతును చేతిలో పెట్టుకునే ప్రభుత్వం, మనుషుల ప్రాణాల కోసం పాలసీ నంబరు రాసే ఒక గడి కూడా పెట్టించుకోలేదు. షరతు రాసి వదిలేసింది.

మేస్త్రికి ఏ కాగితమూ లేదు

మీ వీధి చివర కల్వర్టుకి టెండరు పిలిచారనుకుందాం. దానికి టెండరు వేసే వ్యక్తి ప్రభుత్వ శాఖలో రిజిస్టరైన కాంట్రాక్టరై ఉండాలి. స్పెషల్ క్లాసు నుంచి ఐదో క్లాసు దాకా తరగతులున్నాయి. ఏ తరగతివాడు ఎంత విలువ పని చేయొచ్చో పరిమితి ఉంది. చేసిన పనుల రుజువు కావాలి, సాల్వెన్సీ సర్టిఫికెట్ కావాలి, ధరావతు (ఈఎండీ) కట్టాలి, పని పూర్తయ్యాక కూడా కొంతకాలం లోపాలకు పూచీ పడాలి. అదే కల్వర్టు పక్కన మూడంతస్తుల ఇల్లు లేస్తుంటే, దాన్ని లేపుతున్న మనిషికి వీటిలో ఒక్కటీ అవసరం లేదు.

ఆ ఇంట్లోనే వైర్లు లాగేవాడి సంగతి చూడండి. విద్యుత్ పనులు చేసే కాంట్రాక్టరుకి ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. అతను సంతకం చేసిన టెస్ట్ రిపోర్టు ఉంటేనే మీటరు బిగిస్తారు. ప్లాను గీసే ఆర్కిటెక్టుకి 1972 చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉంది. స్ట్రక్చరల్ ఇంజినీరుకి నగరపాలక సంస్థ లైసెన్సు ఉంది. అపార్టుమెంట్లు కట్టి అమ్మే బిల్డరుకీ లైసెన్సు ఉంది. 500 చదరపు మీటర్లు గానీ 8 ఫ్లాట్లు గానీ దాటితే 2016 రెరా చట్టం కింద ప్రాజెక్టును నమోదు చేయాలి, ఆర్కిటెక్టు, ఇంజినీరు, కాంట్రాక్టరు పేర్లు చెప్పాలి, అప్పగించిన నాటి నుంచి ఐదేళ్ల దాకా బయటపడే నిర్మాణ లోపాలను సొంత ఖర్చుతో బాగుచేయాలి. ఇవన్నీ పైనున్న వాళ్ల కాగితాలు. సొంత స్థలంలో సొంతిల్లు కట్టుకునే ఉపాధ్యాయుడో చిన్న వ్యాపారో ఈ వరసలోకి రాడు. ప్రభుత్వ రికార్డులో ఆ ఇంటి బిల్డరు అతనే. సైటులో నిజంగా నిర్ణయాలు తీసుకునే తాపీమేస్త్రి ఆ రికార్డులో ఎక్కడా కనపడడు.

కనపడని ఆ మనిషితో మనకుండే ఒప్పందం ఎలాంటిదో గుర్తు చేసుకుంటే సమస్య లోతు తెలుస్తుంది. లేబర్ కాంట్రాక్టు అయితే చదరపు అడుగుకి ఇంత అని రేటు. మెటీరియల్‌తో సహా అయితే ఇంకో రేటు. స్టాంపు పేపరు మీద పునాదికి ఇంత, పిల్లర్లకి ఇంత, ఒక్కో స్లాబుకి ఇంత, ప్లాస్టరింగుకి ఇంత అని వాయిదాలు రాసుకుంటాం. పార్కింగు టైల్స్ ఎవరి ఖాతా, లిఫ్టు గుంత ఎవరి ఖాతా అని తేల్చుకుంటాం. మేస్త్రి సెంట్రింగు పనిని ఇంకో గుంపుకి ఇస్తాడు. రాడ్‌బెండింగుకి మరో గుంపు. టైల్స్‌కి, పెయింటింగుకి వేరే వేరే వాళ్లు. స్లాబు రోజున మిల్లరు వెంట వచ్చే పాతికమందిలో సగంమంది పేర్లు మేస్త్రికే తెలియవు. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి, బీహారు నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్లు. వాళ్లలో ఒకరు మూడో అంతస్తు అంచు నుంచి పడిపోతే ఏం చేయాలో ఆ స్టాంపు పేపరులో ఒక్క పంక్తి ఉండదు.

అలాంటిది జరిగినప్పుడు ఏమవుతుందో అందరికీ తెలుసు. సాయంత్రానికి పెద్దమనుషులు కూర్చుంటారు. యజమాని కొంత, మేస్త్రి కొంత. చనిపోయిన మనిషి భార్య చేతిలో రెండో మూడో లక్షలు పెట్టి, తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, శవాన్ని అంబులెన్సులో సొంతూరికి పంపుతారు. ఇచ్చినవాళ్లు న్యాయం చేశామనే అనుకుంటారు. చట్టం దృష్టిలో అది పరిహారమే కాదు. ప్రాణం పోయిన కేసులో డబ్బు కార్మిక శాఖ అధికారి దగ్గర జమ చేయాలి, నేరుగా కుటుంబం చేతికిస్తే చెల్లింపుగా లెక్కించరు. 1923 నాటి పరిహార చట్టం నుంచీ ఉన్న నియమం ఇది. ఆ చట్టం స్థానంలోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే ఉంది. పరిహారం హక్కును వదులుకుంటున్నానని రాయించుకున్న కాగితం చెల్లదు.

మరి చట్టం ఎంత ఇమ్మంటుంది? లెక్క తేలికే. నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి చట్టం పట్టికలో ఉన్న సంఖ్యతో గుణించాలి. 30 ఏళ్ల వ్యక్తికి ఆ సంఖ్య 207.98. 2020 జనవరి నోటిఫికేషన్ ప్రకారం వేతనాన్ని 15,000 రూపాయల వరకే లెక్కలోకి తీసుకుంటారు. అంటే 7,500ను 207.98తో గుణిస్తే 15,59,850 రూపాయలు. మనిషి బతికి, మళ్లీ ఏ పనీ చేయలేని స్థితిలో మంచాన పడితే సగం బదులు 60 శాతం, అంటే 18,71,820. నెల దాటితే వడ్డీ, కారణం లేకుండా ఆపితే పైన జరిమానా. పెద్దమనుషుల పంచాయితీలో తేలే మొత్తానికీ దీనికీ మధ్య ఉన్న తేడా ఒక కుటుంబం పిల్లల చదువు, తలమీద కప్పు.

ఈ బాధ్యత ఎవరిది? ముందుగా పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరుది. అద్దెలకో అమ్మకానికో వ్యాపారంగా కట్టించేవాళ్లు అయితే, పని కాంట్రాక్టరుకి అప్పజెప్పినా పరిహారం వాళ్ల నుంచి వసూలు చేయవచ్చు. తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవడం వాళ్ల తలనొప్పి. మేస్త్రి లేకుండా రోజుకూలి మీద నేరుగా మనుషులను పెట్టుకునే యజమాని తనే యాజమాన్యం అవుతాడు. నిర్లక్ష్యం రుజువైతే సివిల్ బాధ్యతతో ఆగదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద ఐదేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు. పాత శిక్షాస్మృతిలో అది రెండేళ్లే.

మన వాళ్లు ఎక్కడెక్కడ పోయారో

2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం వానలో కుప్పకూలింది. 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు. పక్కనే మిగిలిన రెండో టవరును 2016 నవంబరులో పేలుడు పదార్థాలతో కూల్చేశారు. ఆ మరుసటి నెలలోనే హైదరాబాదు నానక్‌రాంగూడలో కడుతున్న ఏడంతస్తుల భవనం రాత్రిపూట కూలి 11 మంది పోయారు. అందులో కూడా విజయనగరం నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్లే. పని చేసే భవనంలోనే వంట చేసుకుని పడుకునేవాళ్లు. 2025 మార్చిలో భద్రాచలంలో కడుతున్న భవనం కూలి ఇద్దరు తాపీపనివాళ్లు మరణించారు.

ఇవి పత్రికల మొదటి పేజీకి ఎక్కినవి. సెంట్రింగు కర్ర జారి, లిఫ్టు గుంతలో పడి, తడి ఇనుపచువ్వ కరెంటు తీగకి తగిలి ఒక్కొక్కరుగా పోయేవాళ్ల వార్త జిల్లా పేజీలో నాలుగు లైన్లు. ఆ నాలుగు లైన్లలో భవన యజమాని పేరు ఉంటుంది, పోయినవాడి పేరు, ఊరు ఉంటాయి, ఏ పోలీసు స్టేషనో ఉంటుంది. బీమా ఉందా లేదా అన్నది ఉండదు. అది రాయమని మా పత్రికా వృత్తిలో ఉన్నవాళ్లను ఈ సందర్భంగా కోరుతున్నాను. ఆ ఒక్క వివరం నాలుగు రోజులు వరసగా అచ్చయితే అనుమతులిచ్చే ఆఫీసుల్లో కదలిక వస్తుంది.

బయటి రాష్ట్రాల, దేశాల వాళ్లు దీన్నెలా పట్టుకున్నారో చూడటానికి అమెరికా దాకా వెళ్లడం అతిశయమేమీ కాదు, అక్కడ మన వాళ్ల ఇళ్లే వేలల్లో ఉన్నాయి. ఫ్రీమాంట్‌లోనో శాన్ హోసేలోనో ఇంటి వెనక ఒక గది వేయించుకోవాలన్న తెలుగు కుటుంబం ముందు చేసే పని, కాంట్రాక్టరు లైసెన్సు నంబరు తీసుకుని రాష్ట్ర బోర్డు వెబ్‌సైటులో కొట్టి చూడటం. కాలిఫోర్నియాలో ఆ బోర్డు 1929 నుంచీ ఉంది. 2025 నుంచి 1,000 డాలర్లు దాటిన పనికి లైసెన్సు తప్పనిసరి. అంతకుముందు ఆ హద్దు 500. లైసెన్సు కావాలంటే నాలుగేళ్ల పని అనుభవం, చట్టం మీద ఒక పరీక్ష, పని మీద ఒక పరీక్ష, 25,000 డాలర్ల బాండు. పనివాళ్లుంటే వాళ్ల పరిహార బీమా సర్టిఫికెట్ బోర్డు దగ్గర దాఖలై ఉండాలి. పైకప్పు పని చేసేవాళ్లకైతే ఒక్క పనివాడు లేకపోయినా ఆ బీమా ఉండాల్సిందే. అడ్వాన్సుగా మొత్తంలో 10 శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అంతే అడగాలి. లైసెన్సు లేకుండా పనిచేసిన కాంట్రాక్టరు డబ్బులు రాలేదని కోర్టుకి వెళ్లలేడు. లైసెన్సు లేని మనిషిని పెట్టుకున్న ఇంటి యజమాని, ఆ కూలీలకు తనే యాజమాన్యంగా మారే ప్రమాదం ఉంది. అందుకే ఆ రాష్ట్రంలో ఇంటివాళ్లే లైసెన్సు అడుగుతారు. ఇన్‌స్పెక్టరు రావాల్సిన పనిలేకుండా చట్టం నడుస్తుంది.

అదే దేశంలో టెక్సాస్ కథ వేరు. డాలస్ పక్కన ఫ్రిస్కోలో మన వాళ్ల కాలనీలు చూసినవాళ్లు ఒప్పుకోకపోవచ్చు గానీ, ఆ రాష్ట్రంలో ఇళ్లు కట్టే జనరల్ కాంట్రాక్టరుకి రాష్ట్ర స్థాయి లైసెన్సే లేదు. ఎలక్ట్రీషియనుకి ఉంది, ప్లంబరుకి ఉంది, ఏసీ బిగించేవాడికి ఉంది. ఊరి పర్మిషన్లు, తనిఖీలు ఉన్నాయి. ఈ ఒక్క విషయంలో మనం టెక్సాస్‌కి చుట్టాలం.

కాలిఫోర్నియా పద్ధతిని తెచ్చి మన అడ్డాల మీద రుద్దమని నేననను. ఇక్కడి మేస్త్రీల్లో ఎక్కువమంది పదో ఏటో పన్నెండో ఏటో తట్ట మోసి, తాపీ పట్టి, కళ్లతో కొలత నేర్చినవాళ్లు. ఇంగ్లీషులో ఆన్‌లైను పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తామంటే వాళ్లు పని మానరు, లైసెన్సున్న మధ్యవర్తి పేరు అద్దెకు తీసుకుంటారు. ఆ అద్దె చివరికి ఇంటివాడి మీద, కూలీ మీద పడుతుంది. కావలసింది నమోదు. తెలుగులో, వేలిముద్రతో, మీసేవలోనో సచివాలయంలోనో అయిపోవాలి. ఈ మేస్త్రి ఫలానా ఊరివాడు, ఇన్ని ఇళ్లు కట్టాడు, అతని సైటులో ఫలానా ప్రమాదం జరిగింది, పరిహారం ఇచ్చాడు అన్న చరిత్ర ఆ నమోదు మీద పేరుకుంటే చాలు. పనితనానికి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ మనకు కొత్తగా కట్టక్కర్లేదు. హైదరాబాదులో న్యాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) 1998 నుంచి తాపీపని, బార్‌బెండింగు లాంటి వాటిలో శిక్షణ ఇస్తూనే ఉంది.

ఏ పాలసీ దేనికి

బీమా అనగానే ఏజెంటు ఏదో ఒకటి రాసిచ్చి పంపుతాడు కాబట్టి, ఇక్కడ కొంచెం నిదానించాలి. రెండు పాలసీలున్నాయి, వాటి పనులు వేరు.

మొదటిది కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్. కట్టడానికి జరిగే నష్టం కోసం. వరదొచ్చి పునాది గుంతలు పూడుకుపోయినా, గాలివానకి సెంట్రింగు కూలినా, మీ ఇటుక పక్కింటి కారు మీద పడినా ఇది ఆదుకుంటుంది. పనిని మొత్తం పూర్తి విలువకి బీమా చేయాలి. తక్కువ చూపించి ప్రీమియం ఆదా చేస్తే, నష్టం వచ్చినప్పుడు ఇచ్చేదీ ఆ నిష్పత్తిలోనే తగ్గిస్తారు. ముఖ్యమైన సంగతి, మూడో వ్యక్తికి జరిగే నష్టం కింద కాంట్రాక్టరు సొంత కూలీలు రారు. ఈ పాలసీ ఉంది కదా అని ధీమాగా ఉన్న బిల్డర్లు ఆ సంగతి ప్రమాదం జరిగాక తెలుసుకుంటారు.

కూలీల కోసం తీసుకోవలసింది రెండోది, సైటుల్లో డబ్ల్యూసీ పాలసీ అని పిలిచేది. ఉద్యోగుల పరిహార బీమా. ఎంతమంది, ఏ పని, పని కాలంలో మొత్తం ఎంత కూలి చెల్లిస్తారు అన్న లెక్క మీద ప్రీమియం కడతారు. మనుషులు రోజూ మారుతుంటారని భయపడక్కర్లేదు, పేర్లు లేకుండా తాపీపనివాళ్లు ఇంతమంది, హెల్పర్లు ఇంతమంది అని కూడా తీసుకోవచ్చు. చూసుకోవలసినవి రెండు. సెంట్రింగు గుంపులాగా కింద పని తీసుకున్నవాళ్ల మనుషులు పాలసీలో రాయించారా లేదా. ఆసుపత్రి ఖర్చు మామూలుగా ఇందులో ఉండదు, అదనపు ప్రీమియం కట్టి చేర్పించారా లేదా. సైటుల్లో ఎక్కువగా జరిగేవి కాలు విరగడం, వేలు నలగడం, కంట్లో సున్నం పడటం. చేర్పించకపోతే ఆ ఖర్చంతా కూలీ అప్పు చేసి పెట్టుకుంటాడు.

పాలసీ తేదీ పునాది తవ్వే రోజుకి ముందే ఉండాలి. స్లాబు రోజున తీసుకుందాంలే అనుకునే లోపు గుంతలో మట్టి పెళ్లలు విరిగిపడతాయి. మేస్త్రి తీసుకోలేనంటే యజమాని తన పేరు మీద తీసుకుని, ఆ ప్రీమియాన్ని ఒప్పందంలో ఎవరి ఖాతాకి రాయాలో తేల్చుకోవచ్చు. ఏటా 20 రూపాయలు బ్యాంకు ఖాతా నుంచి పోయే ప్రధానమంత్రి సురక్షా బీమా ప్రతి కూలీకీ ఉండటం మంచిదే, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు వస్తాయి. చట్టం యజమాని మీద పెట్టిన 15 లక్షల బాధ్యతకి అది బదులు కాదు.

ఇదంతా ఖర్చే కదా అనే ఇంటివాళ్లకి ఒక సంగతి గుర్తు చేయాలి. కార్మికుల పేరుతో మీలో చాలామంది ఇప్పటికే డబ్బు కట్టారు. ఫీజుల పట్టికలో లేబర్ సెస్ అని ఉంటుంది. 1996లో వచ్చిన చట్టాల కింద నిర్మాణ వ్యయంలో 1 శాతం. సొంతిల్లు 10 లక్షల లోపైతే మినహాయింపు ఉండేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలో ఆ హద్దు 50 లక్షలకి పెరిగింది. ఆ డబ్బు రాష్ట్ర సంక్షేమ మండలికి చేరుతుంది. అక్కడ నమోదైన కార్మికుడికే, అదీ 18 నుంచి 60 ఏళ్ల లోపువాడై, ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినట్టు చూపించగలిగితేనే, దానిలోంచి సాయం అందుతుంది. అడ్డా మీద నిలబడి రోజుకో సైటుకి పోయేవాడికి ఆ 90 రోజులు ఎవరు రాసిస్తారు? పాలమూరు మనిషి పుణెలో పనిచేసి, శ్రీకాకుళం మనిషి చెన్నైలో పనిచేసి, ఏ మండలిలో నమోదవ్వాలి? సెస్ కింద వసూలైన వేల కోట్లు ఖర్చు కాకుండా మూలుగుతున్నాయని 2018 మార్చిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలను తీవ్రంగా తప్పుపట్టింది.

అందుకని నేను రెండు ప్రభుత్వాలనూ అడిగేది చిన్న మార్పు. పని మొదలుపెట్టే ముందు ఇచ్చే కమెన్స్‌మెంట్ నోటీసు ఇప్పుడు పోర్టల్లోనే నింపుతున్నాం. అందులో మేస్త్రి నమోదు నంబరుకి ఒక గడి, కార్మికుల పాలసీ నంబరుకి ఒక గడి పెట్టాలి. పాలసీ నంబరు లేకపోతే నోటీసు ముందుకు కదలకూడదు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అడిగినప్పుడు ఆ పాలసీ చివరిదాకా అమల్లో ఉందో లేదో సరిచూడాలి. తనఖా పత్రాన్ని సరిచూస్తున్న వ్యవస్థకి ఇది కష్టం కాదు. పర్మిషన్ అక్కర్లేని 75 గజాల ఇల్లు కట్టుకునే పేదవాడి నెత్తిన మాత్రం ఈ ప్రీమియం వేయకూడదు. అతను ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకున్న రోజే, అతని ఇంటికి రాళ్లెత్తే మనుషుల బీమా ప్రీమియాన్ని మూలుగుతున్న ఆ సెస్ నిధి నుంచి సంక్షేమ మండలే కట్టాలి.